సింగపూర్ నుంచి సోంపేటకి ఎన్ని గంటలు?

కొత్తగా వచ్చిన తమ్ముడు:
అన్నయ్యలకి నమస్కారం. మాది సోంపేట దగ్గర. ఇక్కడ సింగపూర్‌లో షిప్‌యార్డులో చేరి రెండు నెలలైంది. సంక్రాంతికి ఇంటికెళ్దామని విశాఖ టికెట్ చూస్తున్నాను. రాత్రి 8కి ఎక్కితే 9.30కి దిగుతానని చూపిస్తోంది. గంటన్నరలో ఎలా వెళ్తుంది? చెన్నై మీదుగా విడివిడిగా కొంటే చవక. అలా వెళ్లొచ్చా?

టెక్కలి అన్న:
గంటన్నర కాదు తమ్ముడూ, సుమారు 4 గంటలు. టికెట్ మీద ఎక్కే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. సింగపూర్ మన ఇండియా కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. నువ్వు దిగేసరికి ఇక్కడ అర్ధరాత్రి 12, అక్కడ 9.30. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండున్నర గంటలూ పోతాయి. విశాఖలో రాత్రి 11కి ఎక్కితే ఇక్కడ తెల్లవారి 5.30కి దిగుతావు. నిద్రలేని ఒంటితో ఆ రోజు డ్యూటీ ఒప్పుకోకు. ఎత్తు మీద పనైతే అసలే వద్దు.

చెన్నై దగ్గరనిపిస్తుంది గానీ, ఇక్కణ్నుంచి చెన్నైకైనా విశాఖకైనా గాల్లో దూరం ఇంచుమించు ఒకటే, 2,900 కిలోమీటర్లు. చెన్నైలో దిగితే మళ్లీ 600 కిలోమీటర్ల పైచిలుకు ఎగరాలి. పైగా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. సామాను నువ్వే తీసుకుని, మళ్లీ రెండో విమానానికి అప్పజెప్పాలి. రెండూ ఒకే టికెట్‌లో ఉంటే మొదటిది లేటైనా తర్వాతి దాంట్లో పంపుతారు. విడిగా కొంటే ఆ డబ్బు పోయినట్టే.

నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. మా నాయనమ్మ పోయిందని ఫోనొచ్చిన రాత్రి, చవకని అలాగే కొన్నాను. రూమ్మేట్ వాళ్లింటికి ఇమ్మన్న అట్టపెట్టె, నీలం తాడు కట్టింది, దానికోసం బెల్టు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాను. అది వచ్చేసరికి విశాఖ కౌంటర్ మూసేశారు. మర్నాడు ఊరు చేరేసరికి వీధంతా కడిగేసి ఉంది. నాయనమ్మని తీసుకెళ్లిపోయారు. ఎక్కువైనా సరే, డైరెక్ట్ ఫ్లైటే కొనుక్కో.

కంచిలి అన్న:
అసలు లెక్క విశాఖలో దిగాక మొదలవుతుంది తమ్ముడూ. అక్కణ్నుంచి శ్రీకాకుళమే సుమారు 110 కిలోమీటర్లు, మీ సోంపేట 200 దాటుతుంది. కారైనా 4 గంటలు పడుతుంది, అంటే సముద్రం దాటినంత సేపు. 9.30కి దిగితే సామానుతో బయటపడేసరికి 10.30. పండగ ముందు ఆ వేళ సీటు దొరకడం కష్టం, బండి ముందే మాట్లాడుకో. రైలైతే సోంపేట స్టేషన్ ఉన్నది మా కంచిలిలోనే, అక్కడ దిగాలి. విమానాలు భోగాపురానికి మారాక మనకి దారి తగ్గుతుంది, అప్పుడు టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకో.

ఇంకోటి, అమ్మకి 9.30 అని చెప్పకు. తెల్లవార్లూ అరుగు మీదే కూర్చుంటుంది.

కొత్తగా వచ్చిన తమ్ముడు:
డైరెక్ట్‌దే తీసుకున్నానన్నా. బావ కారు తెస్తానన్నాడు. అమ్మకి తెల్లవారుజాము 3 అని చెప్పాను. అయితే 2కే పొయ్యి వెలిగిస్తానంది.