వేడి మీద సెల్ఫ్ పలకదు: 1977 అంబాసిడర్

మార్క్3_మురకంబట్టు:
నాన్నగారి బండి, పెట్రోలు. ఉదయం ఒక్క దెబ్బకే అందుకుంటుంది. వేడి మీద ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే ‘టక్’ అంటుంది, చిన్న మూలుగు, అంతే. లైట్లు పెద్దగా మసకబారవు. మొన్న తిరుచానూరులో దర్శనం అయ్యాక నలుగురు యాత్రికులు గోవిందనామం చెబుతూ తోస్తే కదిలింది. బ్యాటరీ కొని నెల కాలేదు. ఇది చాలదన్నట్టు, అప్పుడప్పుడు ఉదయం పూట మోటారు గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం కదలదు. సెల్ఫ్ మోటారు పట్టుకుని తిప్పే ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉన్న రింగు పళ్ళు అరిగాయని అనుమానం. రింగు పని చేయించినవారు చెప్పండి, ఇంజను దించాలా?

పలమనేరు_1800:
సొలినాయిడ్, అదే, బ్యాటరీ కరెంటును సెల్ఫ్ మోటారుకు కలిపే స్విచ్చు డబ్బా. వేరే ఆలోచనే వద్దు. మొగిలి ఘాట్‌లో, వానలో, పెళ్ళివారిని ఎక్కించుకుని నేను పడ్డ అవస్థ ఇదే. మోటారు నెత్తిన ఉన్న డబ్బాను జాకీ రాడ్డుతో రెండు తట్లు తట్టాను, పలికింది. ముహూర్తానికి పావుగంట ముందే దించాను.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
31 ఏళ్ళుగా సెల్ఫ్ మోటార్లు విప్పుతున్నాను కనుక చెబుతున్నాను. పలమనేరు తమ్ముడూ, నీ 1800 బండిది ఇసుజు ఇంజను. ఆయనది పాత 1489 సీసీ. దానికి మోటారు నెత్తిన డబ్బా ఉండదు, సొలినాయిడ్ విడిగా ఉంటుంది. లోపల ఉండేది బెండిక్స్: మోటారు తిరిగిన ఊపుకే పినియన్ అనే చిన్న పళ్ళచక్రం మరల మీద ముందుకు దూకి రింగును పట్టుకుంటుంది. ఆ పినియన్ రింగులో ఇరుక్కుని ఉంటుంది. టాప్ గేరులో వేసి బండిని వెనక్కి ఊపండి, వదులుతుంది. గిర్రున తిరగడానికి కారణం బెండిక్స్‌లో మురికి.

చంద్రగిరి_మాస్టారు:
మురికి చేరకుండా నేను ఏటా సంక్రాంతికి బెండిక్స్‌కు గ్రీజు పట్టిస్తాను. ఇంతవరకు సమస్య లేదు.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
గ్రీజా! మాస్టారూ, మీ చేతికి దండం. క్లచ్ పొడి అంతా ఆ గ్రీజుకు అంటుకుని గంధంలా గట్టిపడుతుంది. పినియన్ ఇక దూకదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పొడిగా వదిలేయాలి.

చంద్రగిరి_మాస్టారు:
26 ఏళ్ళు ఫిజిక్సు చెప్పినవాడిని. రాపిడి గురించి నాకు పాఠం అక్కర్లేదు.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
బల్ల మీది రాపిడి వేరు, క్లచ్ ఉండే బెల్ హౌసింగ్ పక్కన రాపిడి వేరు. గ్రీజు పెట్టి తెచ్చిన మోటార్లు ఈ నెలలోనే మూడు విప్పాను.

చంద్రగిరి_మాస్టారు:
ఆ మూడింటిలో నాది లేదు కదా. గ్రీజు తప్పు కాదండీ, ముద్దలు ముద్దలుగా పూయడం తప్పు.

కాణిపాకం_దారి:
మీరు గ్రీజు తేల్చుకునేలోపు బండి ముందు హ్యాండిల్ వేసి ఇంజనును చేత్తో తిప్పితే పోలేదా? మా తాత అలాగే తిప్పేవారు. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలి, పిడి చుట్టూ వేయకూడదు. ఒకసారి మరచిపోయి అటు వేశారు, హ్యాండిల్ వెనక్కి తన్నింది, నెల రోజులు పుత్తూరు కట్టుతో తిరిగారు.

మార్క్3_మురకంబట్టు:
హ్యాండిల్ ఉంది. మా ఆవిడ దానితో మామిడికాయలు కోస్తోంది. రింగు సంగతి ఎవరూ చెప్పలేదు.

రేణిగుంట_వోల్టు:
పెద్దవారిని కాదనడం కాదు కానీ, పినియన్ ఇరుక్కుంటే మోటారు కరెంటంతా లాగేస్తుంది, లైట్లు చచ్చిపోవాలి. ఆయన లైట్లు వెలుగుతున్నాయంటున్నారు. అంటే మోటారుకు కరెంటే సరిగా అందడం లేదు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీతో దానికి ఉన్న గట్టి బంధం, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే ఎర్త్ పట్టీ ఒక్కటే. మీటరు ఒక కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, రెండోది ఇంజను బ్లాకుకు పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఇంకొకటి, చల్లటి ఇంజను అందుకోవడానికి లాగే చోక్ పిడిని అప్పుడే పట్టుకుని చూడండి. వేడిగా ఉందా?

పలమనేరు_1800:
చోక్‌కూ సెల్ఫ్‌కూ ఏమిటి సంబంధం?

రేణిగుంట_వోల్టు:
పట్టీ తెగితే కరెంటు ఊరుకోదు, దొరికిన దారి పడుతుంది. బాడీనీ ఇంజనునూ కలిపే ఇంకో ఇనుప తీగ చోక్ కేబులే.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
మోటారు ఇరుసును మోసే బుష్‌లు అరిగినా వేడి మీద ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, లోపల రాసుకుని ఇలాగే మూలుగుతుంది. మీటరు పట్టుకున్న ప్రతివాడూ ఎలక్ట్రీషియనే ఈ రోజుల్లో.

మార్క్3_మురకంబట్టు:
వోల్టు గారూ, 1.9 వచ్చింది. చోక్ పిడి చురుక్కుమంది! వేడి ఇంజనుకు చోక్ జోలికి ఎవరు వెళ్తారు, అందుకే ఇన్నాళ్ళు తెలియలేదు. కింద దూరి చూస్తే ఎర్త్ పట్టీలో నాలుగు పోగులు మిగిలాయి, బోల్టు దగ్గర పచ్చటి చిలుము. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద రంగు గీకి బిగించాను. కాణిపాకం వెళ్ళి వచ్చి వేడి మీద మూడుసార్లు ఆపి కొట్టాను, మూడుసార్లూ పలికింది. కానీ గిర్రున తిరిగే జబ్బు అలాగే ఉంది.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
ఎర్త్ ఒప్పుకున్నాను. రెండో జబ్బు నాది. ముందు బెండిక్స్ కడగండి. తగ్గకపోతే హ్యాండిల్‌తో ఇంజనును కొంచెం తిప్పి మళ్ళీ కొట్టండి. అప్పుడు పట్టుకుంటే తప్పు రింగుదే. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగినప్పుడల్లా దాదాపు ఆ రెండు చోట్లే ఆగుతుంది, పళ్ళు అక్కడే అరుగుతాయి. ఇంజను దించనక్కర్లేదు, గేరుబాక్సు దించితే చాలు. కొత్త రింగు దొరకకపోతే పాతదాన్నే ఊడదీసి, కాచి, పావు చుట్టు తిప్పి కూర్చోబెట్టవచ్చు. ఎర్రగా కాల్చనివ్వకండి, పళ్ళు మెత్తబడతాయి.

చంద్రగిరి_మాస్టారు:
కడిగాక ఒక్క చుక్క పలుచటి నూనె వేయండి.

బైరాగిపట్టెడ_ఆర్మేచర్:
వేయకండి.

కాణిపాకం_దారి:
ముందు ఆ హ్యాండిల్ మామిడిచెట్టు దగ్గరి నుంచి తెచ్చుకోండి. బొటనవేలు జాగ్రత్త.

పలమనేరు_1800:
గేరుబాక్సు ఎలాగూ దించుతున్నారు కదా, సొలినాయిడ్ కూడా ఒకసారి చూపించండి.