పావుగంట బాగానే ఆడి, తర్వాత నత్తనడక: పాత కంప్యూటర్‌లో లోపం ఎక్కడుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. గేమ్ మొదలుపెట్టగానే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) వస్తుంది. పావుగంట గడిచేసరికి 25కి పడిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. సెట్టింగులన్నీ లోలో పెట్టాను. అయినా అంతే. కార్డు మార్చేయమని తమ్ముడు ఒకటే పోరు. మార్చాల్సిందేనా?

జవాబు:
ఇప్పుడే ఏదీ కొనకండి. కార్డుకు సత్తువ చాలకపోతే మొదటి నిమిషం నుంచే చాలదు. పావుగంట ఆగి పడిపోతోందంటే ఏదో బాగా వేడెక్కి, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటోందన్నమాట. పైగా కార్డు మీద భారం తగ్గేలా సెట్టింగులు తగ్గించినా ఎఫ్‌పీఎస్ పెరగలేదంటున్నారు కాబట్టి నాకు ప్రాసెసర్ మీదే అనుమానం.

వేడి, స్పీడు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, గేమ్ వెనకాల దాన్ని నడవనివ్వండి. మీ ప్రాసెసర్ బేస్ స్పీడు 3.2 గిగాహెర్ట్జ్. ఊరికే ఉన్నప్పుడు అంతకన్నా తగ్గడం మామూలే, దాన్ని పట్టించుకోకండి. గేమ్ జోరుగా నడుస్తుండగా తగ్గి, అదే సమయంలో టెంపరేచర్ 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మాత్రం కారణం అదే. అలాగే ఎఫ్‌పీఎస్ పడిపోయిన సమయంలోనే రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి చూడండి. కార్డు గీయాల్సిన పిక్సెళ్లు సగానికన్నా తగ్గుతాయి. అప్పుడూ ఎఫ్‌పీఎస్ పెరగకపోతే తప్పు కార్డుది కాదు.

మరో సభ్యుడు:
మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా? చాలామంది దగ్గర ఇదే పొరపాటు చూశాను.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్ కార్డుకే ఉందండీ. అన్నా, మీరన్నట్టే అయింది. పన్నెండో నిమిషానికి సీపీయూ 99 డిగ్రీలు, స్పీడు 1.9కి దిగింది. కార్డు 66 దగ్గరే ఉంది. 720కి దించినా ఒక్క ఫ్రేమ్ పెరగలేదు. కేసు తెరిస్తే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుపోయింది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దిగడానికి పూసే పేస్ట్‌ను కొన్నప్పటి నుంచి మార్చలేదు.

జవాబు:
అయితే శుభ్రం చేయడమే మందు. ముందు కంప్యూటర్‌ను ఐదు నిమిషాలు నడపండి, గట్టిపడ్డ పేస్ట్ కాస్త మెత్తబడుతుంది. తర్వాత ఆపేసి, ప్లగ్ పీకి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి, లాగకండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. కొత్తది నడిమధ్యలో బఠాణీ గింజంత చాలు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి.

అసలు జాగ్రత్త కూలర్ బిగించేటప్పుడే కావాలి. కంపెనీ కూలరైతే నాలుగు మూలలా నాలుగు పిన్నులుంటాయి. ఎదురెదురు మూలల్ని జతగా నొక్కండి, ప్రతిదీ టక్కుమనాలి. ఒక్కటి వదులుగా ఉన్నా కూలర్ ఒక పక్కకి లేస్తుంది, ఎంత మంచి పేస్ట్ పూసినా వేడి దిగదు. నాకు రెండుసార్లు ఇలాగే అయింది. బోర్డు వెనక వైపు నుంచి చూస్తే నాలుగు పిన్నులూ బయటికొచ్చాయో లేదో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చేశానన్నా! ఒక పిన్ను నిజంగానే ఊడి ఉంది. ఇప్పుడు గంట ఆడినా 71 డిగ్రీలు దాటలేదు, ఎఫ్‌పీఎస్ 55కి తగ్గలేదు. చాలా సంతోషంగా ఉంది. ఒక్కటే మిగిలింది. కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడల్లా రెండు మూడు సెకన్లు బొమ్మ బిగుసుకుపోతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, ర్యామ్ 7.7 జీబీ కనిపిస్తున్నాయి.

జవాబు:
ఇది వేరే జబ్బు. ర్యామ్ నిండిపోతే మిగతాది విండోస్ హార్డ్ డిస్క్ మీదికి నెడుతుంది. గేమ్ కూడా అదే డిస్క్ నుంచి చదువుకోవాలి, రెండు పనులూ ఒకదానికొకటి అడ్డొస్తాయి. ముందు బ్రౌజర్ మూసి ఆడి చూడండి. డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి, కార్డు మీద కాదు. ఇంకో 8 జీబీ స్టిక్ వేస్తే చోటు పెరగడమే కాదు, డ్యూయల్ ఛానల్ కూడా వస్తుంది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసి ర్యామ్ వేగం పెరుగుతుంది. మీ బోర్డుకి డీడీఆర్3 1600 రకం ర్యామ్ కావాలి, డీడీఆర్4 ఆ స్లాట్‌లో పట్టనే పట్టదు. తర్వాత హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా చదివే సాటా ఎస్ఎస్‌డీ ఒకటి తీసుకుని విండోస్, గేమ్ రెండూ దాని మీదికి మార్చండి.

ప్రశ్న అడిగినవారు:
బోర్డు మీద నాలుగు స్లాట్లున్నాయి, రెండు నీలం, రెండు నలుపు. ఇప్పుడున్న స్టిక్ నీలం దాంట్లో ఉంది. కొత్తది ఎందులో పెట్టాలి?

జవాబు:
సాధారణంగా రెండోదీ అదే రంగు స్లాట్‌లోకే వెళ్తుంది. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. పెట్టాక టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ చూపిస్తోందో లేదో చెప్పండి.