ఆర్‌వీలో చవక ఎల్‌ఈడీ ప్యానెళ్లు: మన్నికైనవి ఎలా గుర్తించాలి?

అమెరికాలో ఆర్‌వీలు (లోపలే ఉంటూ ప్రయాణించే ఇంటిలాంటి బండ్లు) వాడే తెలుగువారి సలహా కావాలి. మేము అరిజోనాలో ఉంటాం. బండి వెనుక తగిలించి లాక్కెళ్లే మా పాత ట్రావెల్ ట్రెయిలర్ పైకప్పు దీపాల్లోని 921 రకం బల్బులు తీసేసి, చవక ఎల్‌ఈడీ ప్యానెళ్లు అమర్చాం. పాత బల్బు ఒక్కోటి దాదాపు 18 వాట్లు తినేది, ఇవి రెండు మూడు వాట్లతో సరిపెడతాయి. బ్యాటరీ మీదే రాత్రి గడపాల్సిన చోట ఇది చాలా పెద్ద ఆదా, అందుకే ఎల్‌ఈడీలను వదులుకోను.

బాధంతా మన్నికతోనే. పొయ్యి పైనున్న ప్యానెల్ మొదట మిణుకుమిణుకుమంది, తర్వాత ఒక వరుస మొత్తం ఆరిపోయింది. విప్పి చూస్తే చిప్‌ల మీది పసుపు పూత మధ్యలో నల్లటి చుక్కలు. వెనుక జిగురు మెత్తబడి పలక జారిపోయింది. కరెంటును అదుపు చేసే డ్రైవర్ లేదు, చిన్న రెసిస్టర్లే ఉన్నాయి.

నా అనుమానం వోల్టేజీ మీద. 12 వోల్టులని పేరే గానీ, బయటి కరెంటుకు కలిపినప్పుడు, దాన్ని బ్యాటరీకి తగ్గట్టు మార్చే కన్వర్టర్ బ్యాటరీని ఛార్జ్ చేస్తూ 13.6 నుంచి 14.4 వోల్టుల దాకా ఇస్తుంది. ఉత్త రెసిస్టర్లతో ఎల్‌ఈడీలు ఆ పెరుగుదలకు బాగా వేడెక్కుతాయి. మూసి ఉన్న ప్లాస్టిక్ గూడులో ఆ వేడి పోయేదెలా?

10 నుంచి 30 వోల్టులని రాసిన ప్యానెళ్లలో నిజంగా డ్రైవర్ ఉంటోందా? ఫొటో చూసి దాన్ని గుర్తుపట్టవచ్చా? లేక దీపాల లైనుకంతటికీ వోల్టేజీని నిలకడగా ఉంచే ఒకే రెగ్యులేటర్ పెట్టడం మేలా? ఎండ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి వాడినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.