2025 మే పోపుగారి ఎన్నికకు ముందు కబుర్లు: మీకు ఎలాంటి పోపు కావాలి?

గుంటూరమ్మాయి, మారతహళ్లి:
మాది ఫిరంగిపురం, ఉద్యోగం బెంగళూరులో. 2025 ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ పోపుగారు పోయినప్పటి నుంచీ ఫోన్‌లో అమ్మది ఒకటే పాట: "మన హైదరాబాద్ కార్డినల్ పూల ఆంథోనీ గారికి ఓట్లు పడతాయంటావా?" పోపుని ఎన్నుకునేది కార్డినల్సే, అంటే పోపు తర్వాతి పెద్దలు; మన దేశం నుంచి నలుగురికి ఓటుందమ్మా, మొత్తం 133 మంది, అందులో 89 మంది ఒక్క పేరే రాయాలి అన్నాను. "లెక్కలు తర్వాత, ముందు జపమాల చెప్పు" అంది.

మనవాడే కావాలన్న పంతం నాకు లేదు. కానీ 2022లో ఆయన్ని కార్డినల్‌ని చేసినప్పుడు మా పేటలో కేకు కోశారు. దళితుల్లోంచి తొలి కార్డినల్, తెలుగువాళ్లలోనూ ఆయనే మొదలు. గుళ్లో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి "వాళ్లేమిట్లు?" అని, అంటే ఏ కులమని, ఫాదర్‌గారి ముందే అడుగుతారు. ఈ సంగతి తెలిసిన పోపు కావాలి నాకు. మీకు?

పెరంబూర్ బాబాయి:
1986లో రెండో జాన్ పాల్ గారు మద్రాసు వచ్చినప్పుడు నాన్న భుజాలెక్కి చూశాను. తెల్ల అంగీ తప్ప ఏమీ కనబడలేదు, అయినా ఇప్పటికీ చెప్పుకుంటాను! 1999లో ఆయనే ఢిల్లీ వచ్చారు. ఆ తర్వాత ఏ పోపూ ఇటు రాలేదు. ఇండియా వచ్చే పోపు కావాలి, అంతే. కులం సంగతి రోమ్ ఏం చేస్తుందమ్మా? చర్చిలో వివక్ష ఉందని 2016లో మన బిషప్పులే కాగితం మీద ఒప్పుకున్నారు. అమలు చేయాల్సిందీ వాళ్లే.

కడప నర్సు, శివాజీనగర్:
నాకు చదువు చెప్పిందీ, నర్సింగ్‌లో చేర్పించిందీ సిస్టర్లే. మా ఊరి పండగ కమిటీ మీటింగులో మాత్రం వాళ్ల పని టీ అందించడం. ఫ్రాన్సిస్ గారు 2023 సినడ్‌లో, అంటే బిషప్పుల మహాసభలో, ఆడవాళ్లకు ఓటిచ్చారు. 2025 జనవరిలో వాటికన్‌లో ఒక పెద్ద శాఖను ఒక సిస్టర్ చేతిలో పెట్టారు, అది మొదటిసారి. వచ్చేవారు దాన్ని వెనక్కి లాగకుండా ఉంటే చాలు, ఏ దేశం వారైనా సరే.

గుంటూరమ్మాయి:
బాబాయ్ గారూ, ఆ బిషప్పులను నియమించేది పోపే కదా! అందుకే నా పట్టు. అక్కా, టీ సంగతి మా విచారణలోనూ (మా చర్చి పరిధిలోనూ) అంతే. ఇంకోటి, అమ్మకి కుర్రపోపు కావాలట, మళ్లీ త్వరగా ఏడవలేనంటోంది. జాన్ పాల్ గారు 58కే ఎన్నికై 26 ఏళ్లు ఉన్నారు. అంతకాలం ఒకరికే అప్పగించడానికి కార్డినల్స్ జంకుతారని నా అనుమానం.

పెరంబూర్ బాబాయి:
పూల గారికి 63. అక్కడ ఆ వయసువాళ్లు కుర్రాళ్ల కిందే లెక్క, అమ్మగారితో చెప్పు. మే 7న ఓటు ఫలితం చెప్పే మొదటి పొగ (తేలితే తెలుపు, లేకపోతే నలుపు) వచ్చేసరికి మనకి బాగా రాత్రవుతుంది. మొదటి ఓటులోనే తేలడం అరుదు కాబట్టి, తెల్లారి డ్యూటీ ఉన్నవాళ్లు పడుకోండి.