కొత్తగా పటింగ్ నేర్చుకునేవారికి ముందు రావలసింది దిశా, దూరమా?

ప్రశ్న (కొండాపూర్ సభ్యుడు):
నమస్కారమండీ. ఈమధ్యే గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పటింగ్ కోసం, అంటే బంతిని నేల మీద దొర్లించి గుంతలోకి (హోల్‌లోకి) పంపే దెబ్బ (పట్) కోసం, ఇంటి హాల్లో మూడు మీటర్ల మ్యాట్ పరిచి, బంతిని తిన్నగా పంపే సాధన చేస్తున్నాను. నాతో పాటు నేర్చుకుంటున్న మిత్రుడు మాత్రం మ్యాట్ వలన ప్రయోజనం లేదనీ, గ్రీన్ (హోల్ చుట్టూ గడ్డిని పొట్టిగా కత్తిరించిన నేల) మీద దూరాన్ని అంచనా వేయడమే ముందు నేర్చుకోవాలనీ అంటున్నారు. అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను.

జవాబు (సైనిక్‌పురి సభ్యుడు):
దిశే ముందండీ. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. మూడు మీటర్ల నుంచి హోల్ మధ్యకు గురిపెట్టి కొట్టిన బంతి ఒక్క డిగ్రీ పక్కకు మళ్ళినా అంచు దాకా జరిగిపోతుంది. బంతి ఎటు బయలుదేరుతుందన్నది చాలావరకు, తాకే క్షణంలో పటర్ (పట్ కొట్టే కర్ర) ముఖం ఎటు తిరిగి ఉన్నదన్నదాని మీదే ఆధారపడుతుంది. పటర్ కదిలే దారి ప్రభావం అంతకంటే తక్కువ. ఈ అలవాటు ఇంట్లోనే వస్తుంది. బంతికి అర మీటరు ముందు, బంతి కంటే కాస్త ఎక్కువ ఎడంతో రెండు సీసా మూతలు పెట్టి, మణికట్టు వంచకుండా భుజాలతోనే పటర్‌ను ఊపండి. ఏ మూత కదిలిందో చూస్తే ముఖం ఏ వైపుకు తిరిగిందో తెలుస్తుంది.

జవాబు (మెహదీపట్నం సభ్యుడు):
పై లెక్క సరైనదే కాని, అది మూడు మీటర్ల లెక్క. కొత్తవారి బంతి గ్రీన్ మీదికి చేరేసరికి హోల్ సాధారణంగా అంత దగ్గరలో ఉండదు. పది మీటర్ల నుంచి దిశలో రెండు డిగ్రీలు తప్పితే బంతి హోల్‌కు దాదాపు 35 సెంటీమీటర్ల పక్కన ఆగుతుంది, తరువాతి పట్ సులువే. అదే, దూరం అంచనాలో ఐదో వంతు తప్పితే రెండు మీటర్లు మిగిలిపోతాయి. పార్ 72 కోర్సులో (పద్దెనిమిది హోల్‌లను 72 దెబ్బల్లో ముగించాలన్న లెక్క ఉన్న మైదానంలో) గ్రీన్‌కు రెండు చొప్పున 36 పట్‌లు లెక్కలోనే ఉంటాయి. కొత్తవారి స్కోరును పెంచేది మూడో పట్, దానికి ముఖ్య కారణం దూరం తప్పడం.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వాలు మీద బంతి ఎంత వంపు తిరుగుతుందో నిర్ణయించేది వేగమే కనుక, వేగం చేతికి రానివారు ఎంత తిన్నగా కొట్టగలిగినా ఎటు గురిపెట్టాలో తేల్చుకోలేరు. హోల్ సైతం వేగంగా వచ్చే బంతికి ఇరుకవుతుంది. మెల్లగా వస్తే అంచు నుంచి లోపలికి జారే బంతి, జోరుగా వస్తే అంచు తాకి బయటికి పోతుంది. మ్యాట్ మీద బంతి దొర్లే తీరు ఎప్పుడూ ఒకటే కనుక అది ఇదేదీ నేర్పదు. నయా ఖిలా కోర్సులో గాని, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్‌లో గాని తెల్లవారుజామున మంచు తడి ఉన్న గ్రీన్‌పై ఆడి, గడ్డి కత్తిరించి ఎండ తగిలాక అక్కడే మళ్ళీ ఆడితే, అదే ఊపుకు బంతి మరింత దూరం పోతుంది. గ్రీన్‌ల వేగం (వాటి మీద బంతి ఎంత సులువుగా దొర్లుతుందన్నది) ఇంతగా మారుతుంది కనుకనే దాన్ని కొలవడానికి ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో ప్రత్యేకంగా ఒక సాధనం తయారుచేశారు. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను ఎంత బలంతో కొట్టాలో వేలికి తెలిసినట్టు, ఇదీ చేతికే తెలియాలి.

జవాబు (సైనిక్‌పురి సభ్యుడు):
రోజూ గ్రీన్ దొరికేది ఎందరికండీ? సభ్యత్వం, రుసుము, ట్రాఫిక్ దాటుకుని వెళ్ళవలసిన దూరం ఆలోచించండి. పైగా మీటరు దూరపు పట్ కూడా తప్పిపోతుంటే కొత్తవారికి ఆట మీద ఆసక్తే పోతుంది.

జవాబు (మెహదీపట్నం సభ్యుడు):
మీటరు పట్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. మూతల సాధన దానికి చక్కగా సరిపోతుంది. అయితే రెండున్నర మీటర్ల దగ్గర వృత్తి క్రీడాకారులే దాదాపు సగం పట్‌లు తప్పుతారు. అందువలన మొదటి పట్‌ను మీటరు లోపల ఆపగలగడమే కొత్తవారి లక్ష్యం కావాలి. గ్రీన్ దొరికిన రోజున మూడు, ఆరు, తొమ్మిది మీటర్ల దగ్గర టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చి, వరుస మార్చి మార్చి, దూరానికి తగ్గట్టు బలం కాక ఊపు పొడవు పెంచుతూ కొట్టాలి. దొరకని రోజున మ్యాట్ మీద హోల్‌ను వదిలేసి, ప్రతి బంతీ దాని ముందు బంతిని జానెడు దాటి ఆగేలా కొట్టాలి. మ్యాట్ చివర దాటితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.