‘ప్రతిదీప్తి’లో ‘ప్రతి’ సరిపోతుందా?

హనుమకొండ నుంచి అధ్యాపకురాలు:
డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం తెలుగులో చెబుతుంటాను. ఒక రంగు కాంతి పడితే కొన్ని పదార్థాలు మరో రంగు కాంతినిస్తాయి, దాన్నే ఫ్లోరోసెన్స్ అంటారు. దానికి మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట ప్రతిదీప్తి. తరగతిలో ఒక అమ్మాయికి సందేహం వచ్చింది. ప్రతిధ్వనిలో అదే ధ్వని తిరిగి వస్తుంది, ప్రతిబింబంలో అదే రూపం కనిపిస్తుంది. ఇక్కడ నీలి కాంతి వేస్తే ఆకుపచ్చ కాంతి వస్తోంది కదా, ‘ప్రతి’ ఎలా కుదురుతుంది? ‘మిణుగురు కాంతి’ అంటే మేలేమో. పెద్దలు చెప్పండి.

వరంగల్ నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
మేడమ్, మిణుగురును దయచేసి ఇందులోకి తేవద్దు. దాని వెలుగు ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సీకరణం చెందడం వల్ల పుడుతుంది, బయటి కాంతితో పనిలేదు. ఎలుకల్లో కణితి పెరుగుదలను గమనించే పరిశోధకులు ఈ రెండు పద్ధతులనూ వాడతారు. రెంటికీ ఒకే పేరు పెడితే విద్యార్థి ప్రయోగమే తప్పుగా అర్థం చేసుకుంటాడు.

‘ప్రతి’ ఎప్పుడూ నకలును చెప్పదు. ప్రత్యుత్తరంలో ప్రశ్నే తిరిగి రాదు కదా! అణువు నీలి కాంతిని పీల్చుకుంటుంది, కొంత శక్తిని వేడిగా వదిలేస్తుంది, మిగిలినదాన్ని సాధారణంగా నానోసెకన్లలోనే కాంతిగా ఇస్తుంది. శక్తి తగ్గింది కనుక తరంగదైర్ఘ్యం పెరిగి రంగు మారుతుంది. పడిన కాంతికి అణువు ఇచ్చే జవాబు ఇది. 1852లో స్టోక్స్ ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా ఫ్లోరోసెన్స్ అన్నాడు. అందులో రాయి పేరుంది, మన మాటలో జరిగే పని ఉంది. నేను మన మాటవైపే.

తరగతిలో చూపించడానికి నిజామాబాద్ పసుపు చాలు. చిటికెడు స్పిరిట్‌లో కలిపి, గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి వేయండి (దగ్గరలో మంట ఉండకూడదు). ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు వస్తుంది. నీళ్లలో ఇంతగా వెలగదు. పసుపులోని కర్క్యుమిన్ చుట్టూ ఏముందో దాన్నిబట్టి వెలుగు మారుతుంది. ఆల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలకు అది అతుక్కుంటుంది. ఈ గుణాలను ఆధారం చేసుకునే దాని రూపాంతరాలను ప్రోబ్‌లుగా, అంటే దేనికైనా అంటుకుని తమ వెలుగుతో దాని ఉనికిని చూపే అణువులుగా, తయారుచేశారు.

కరీంనగర్ నుంచి, వైద్యుడు:
సార్ మాటతో ఏకీభవిస్తాను. నా పేచీ ‘ప్రోబ్’ గురించి. ‘అన్వేషిణి’ అని రాస్తున్నారు. అణువు దేన్నీ అన్వేషించదు. రక్తంతో పాటు తిరుగుతూ తనకు తగినది తగిలితే అంటుకుంటుంది, వెతికేది మన కెమెరా. ‘ఆనవాలు’ అంటే ఊళ్లో అందరికీ తెలుసు.

అధ్యాపకురాలు:
ఆనవాలు నాకు చాలా నచ్చింది, డాక్టరుగారూ. ఒక్క అనుమానం. శస్త్రచికిత్సల్లో రక్తప్రసరణ చూడటానికి వాడే ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుపదార్థం ఇచ్చే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 830 నానోమీటర్లు, కంటికి కనబడదు. దాన్నీ దీప్తి అనవచ్చా?

వైద్యుడు:
అనవచ్చు మేడమ్. కనిపించే కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చేస్తుంది. 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఆ అడ్డు తక్కువ, లోతు నుంచి కాంతి బయటికి రాగలదు. కన్ను చూడకపోయినా కెమెరా చూస్తుంది. ఆ కాంతికి వేరే పేరు పెడితే ఒకే ధర్మాన్ని రెండుగా చీల్చినవాళ్లమవుతాం.

విశ్రాంత అధ్యాపకుడు:
దీప్తి విషయంలో సరే. ఆనవాలు మాత్రం పాఠంలో చెప్పండి, పరీక్ష జవాబులో ప్రోబ్ అనే రాయించండి. పత్రాలు దిద్దేవారు ఈ చర్చ చదివి ఉండరు.