పాత నాటకాల హాలు బాగు చేస్తున్నాం, ముందు దేనిమీద చెయ్యెయ్యాలి?

పెన్నాగట్టు: మాది నెల్లూరు పక్క సున్నపు కట్టడం హాలు. పద్యనాటకాలు మళ్లీ ఆడించాలని పూనుకున్నాం. గోడలకి అడుగునుంచి మూడడుగుల దాకా రంగు పెచ్చులూడుతోంది, తెల్లగా ఉప్పు పూస్తోంది. స్టేజీ చెక్కకి చెద. పద్యం ఎత్తుకుంటే హాలంతా మోగి మాట తెలియడం లేదు.

సున్నంగానుగ: ముందు గోడే అన్నా. ఆ మూడడుగులకీ ఎప్పుడో సిమెంటు పూసుంటారు, కొట్టి చూడండి. నేల చెమ్మ సున్నపు గోడలోంచి ఆవిరై పోవాలి. సిమెంటు అడ్డుపడితే ఇంకా పైకెక్కి, ఉప్పు లోపలే గట్టిపడి ఇటుకని పిండి చేస్తుంది. చెమ్మ గీత పైన ఇంకో అడుగున్నర దాకా గీకెయ్యండి. ఇటుక సందులు అర అంగుళం తోడి, పొడి కుంచెతోనే ఉప్పు దులపండి. నీళ్లతో కడిగితే అది తిరిగి గోడలోకే పోతుంది. రెండు మూడు నెలలు ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు పెన్నా ఇసుక. సముద్రపు ఇసుక అసలొద్దు. ఒక్కో పూత 12 మి.మీ. దాటకూడదు.

సున్నం కనీసం మూడు వారాలు నీళ్లకింద మగ్గాలి. వేళ్లమధ్య రుద్దితే వెన్నలా జారాలి, పలుకు తగిలితే జల్లెడ పట్టాలి. బట్టీలో కాలినా నీరు తాగని ఆ పలుకు గోడలోకి పోతే తర్వాత ఉబ్బి, పప్పుగింజంత పెచ్చు ఎగిరిపోతుంది.

పెన్నాగట్టు: పైన ప్లాస్టిక్ పెయింటు వేయచ్చా సార్?

సున్నంగానుగ: వద్దు. సున్నపు వెల్లే వెయ్యండి. పెయింటు వేస్తే సిమెంటు తీసిన ఫలితమే ఉండదు.

ఒంగోలు రంగస్థలి: స్టేజీకి కాంక్రీటు పోయమని చాలామంది చెప్తారు, వినకండి. కూచిపూడి ఆడే పిల్లల మోకాళ్లు పోతాయి. 16 అంగుళాలకో దూలం, పైన 18 మి.మీ. ప్లైవుడ్. దూలం కొస గోడలోకి దూర్చకుండా విడిగా దిమ్మెమీద నిలబెట్టండి, కుళ్లేది అక్కడే. కింద రెండు వైపులా గాలి జాలీలు తప్పనిసరి. చెదకి గోడ, నేల కలిసేచోట అడుగుకో 12 మి.మీ. రంధ్రం చేసి, క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అనే చెదమందు లీటరుకి 19 లీటర్ల నీళ్లు కలిపి రంధ్రానికి లీటరు చొప్పున పొయ్యాలి. గ్లౌజులు, మాస్కు లేకుండా ఎవర్నీ దింపొద్దు.

శ్రుతిపెట్టె: మోత సంగతికి హాలు కొలతలు చెప్పండి.

పెన్నాగట్టు: 18 మీటర్లు, 12, ఎత్తు 7. కుర్చీలు 300.

శ్రుతిపెట్టె: అంటే 1,512 ఘనపు మీటర్లు. మోత ఒక సెకనుకి దిగాలంటే 0.161తో గుణించండి, సుమారు 243 యూనిట్లు శబ్దం పీల్చుకోవాలి (శబ్దాన్ని పూర్తిగా పీల్చేసే ఒక చదరపు మీటరు ఒక యూనిట్). నిండు హాల్లో జనమే 135 దాకా పీలుస్తారు, గోడలూ కప్పూ నేలా ఇంకో 25. మిగతా సుమారు 80కి, చదరపు మీటరుకి అర యూనిట్ చొప్పున కుచ్చులు పెట్టిన మందపాటి తెర 160 చదరపు మీటర్లు కావాలి. వెనక గోడకి నిండా, చాలనిది పక్కగోడల వెనక సగానికి. స్టేజీ దగ్గర గోడలు మాత్రం ఖాళీగా ఉంచండి, గొంతుని ముందుకి తోసేది అవే. లైట్ల డిమ్మర్లు, సౌండు ఒకే ఫేజు మీద పెడితే స్పీకర్లో గుయ్యి వస్తుంది, విడదీయండి.

సున్నంగానుగ: సంక్రాంతి దాటగానే గీకుడు మొదలెట్టండి. ఏప్రిల్‌లో పూత. రోహిణి కార్తెలో పూస్తే ఎండకి పగులుతుంది. ముందే పూసినా వారంపాటు తడి గోనెపట్టా కప్పే ఉంచాలి. పైకప్పు కారే చోట్లు మాత్రం అక్టోబరు వానలకి ముందే మూసెయ్యాలి, నెల్లూరులో వాయుగుండం పట్టిందంటే నిచ్చెన వెయ్యనివ్వదు.